తీసేశారు సరే, ఎందుకు తీసేశారో ఊరందరికీ చెప్పాలా?

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే నాలుగు ఉత్తరాలు ఒకే గొడవ మీద ఉన్నాయి. ఉద్యోగం పోవడం ఒక బాధ, పోయిన సంగతి యజమాని నోటి నుంచి నలుగురికీ తెలియడం ఇంకో బాధ. మిగతా ప్రశ్నలు (గ్రాట్యుటీవి మూడున్నాయి) వచ్చే నెలకి వాయిదా వేసి ఈసారికి ఇవే చూద్దాం.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను భీమవరం దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో ఆరేళ్లు లెక్కలు చెప్పాను. మా అమ్మ పోయాక నాకు నిద్ర పట్టేది కాదు. ఏలూరులో డాక్టరు గారు మందులు రాశారు. మొదటి పీరియడుకి ఆలస్యంగా వస్తున్నానని ప్రిన్సిపల్ గారు అడిగితే మందుల చీటీ చూపించి నెల రోజులు సెలవు తీసుకున్నాను. తిరిగి చేరిన రెండో వారంలో కరస్పాండెంట్ గారు పిలిచి రేపట్నుంచి రావద్దన్నారు. కాగితం ఏమీ ఇవ్వలేదు. ఆ రాత్రే అన్ని తరగతుల పేరెంట్స్ గ్రూపుల్లో నా పేరు, ఫోటోతో మెసేజ్ పెట్టారు. "మానసిక పరిస్థితి బాగోనందున, క్రమశిక్షణా కారణాల వల్ల, పిల్లల భద్రత దృష్ట్యా విధుల నుంచి తొలగించడమైనది" అని. సాయంత్రాలు మా ఇంటికి పద్నాలుగు మంది ట్యూషన్‌కి వచ్చేవారు. వారం తిరిగేసరికి ముగ్గురు మిగిలారు. మా ఆయన "నువ్వూ ఫేస్‌బుక్‌లో అంతా రాసెయ్" అంటున్నారు. మా మరిది స్టేషన్‌కి వెళ్దామంటున్నాడు. నేను మందులు వాడింది నిజమే కదా, మరి కేసు నిలబడుతుందా? నా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకా వాళ్ల దగ్గరే ఉన్నాయి.
– పేరు వద్దు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ ఆయన్ని ఆ ఫోను పక్కన పెట్టమనండి. ఆయన కోపం న్యాయమైనదే. కానీ మీరొక పోస్టు రాస్తే కరస్పాండెంట్ గారు దానికి జవాబు రాస్తారు. ఆ జవాబు కింద మీ ఊరివాళ్లు వంద కామెంట్లు పెడతారు. రేపు కోర్టులో ఆయన వకీలు మీ పోస్టే పట్టుకుని "బజారుకెక్కింది ఈవిడే" అంటాడు. ఇప్పటిదాకా తప్పంతా ఒక్క పక్కనే ఉంది. అందులో మీరు వాటా అడగకండి.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, మీకు జరిగింది సరిగ్గా అదే. ఈ రెండు దెబ్బల్నీ మాత్రం విడివిడిగా చూడాలి. మిమ్మల్ని తీసేయడం ఒకటి, తీసేసిన కారణం అని చెప్పి మీ ఆరోగ్యాన్ని వీధిలో పెట్టడం ఇంకొకటి. దేని దారి దానిది.

రెండోదాంతో మొదలుపెడదాం, ఎందుకంటే దానికి గడియారం తిరుగుతోంది. పరువు నష్టానికి నష్టపరిహారం కోరుతూ సివిల్ దావా వేయాలంటే ఆ మెసేజ్ వెలువడిన నాటి నుంచి ఒక్క ఏడాదే గడువు. చాలామంది "చూద్దాంలే, మాట్లాడదాంలే" అంటూ ఆ ఏడాది పోగొట్టుకుంటారు. పరువు నష్టం నేరం కూడా. పాత ఐపీసీలో 499, 500 సెక్షన్లు. 2024 జులై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. రెండేళ్ల వరకూ శిక్ష ఉంది. కానీ మీ మరిదికి చెప్పండి, ఇది స్టేషన్లో ఎఫ్ఐఆర్ కట్టే రకం కాదు. వెళ్తే ఎస్ఐ గారు కోర్టుకి పొమ్మంటారు, ఆయన తప్పేమీ లేదు. మేజిస్ట్రేటు దగ్గర మీరే ప్రైవేటు కంప్లయింటు వేసుకోవాలి. దీనికి మూడేళ్ల గడువుంది.

ఇక "నేను మందులు వాడింది నిజమే కదా" అన్న మీ సందేహం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన వాక్యం ఇదే. తప్పు మీదే అన్నట్టు రాశారు. క్రిమినల్ కేసులో "నేనన్నది నిజం" అంటే సరిపోదు. నిజం కావాలి, అది చెప్పడం ప్రజాహితం కోసం కూడా అయి ఉండాలి. తల్లి పోయిన దుఃఖంలో నిద్రకి మందు వేసుకున్న సంగతి మూడో తరగతి పిల్లాడి నాన్నకి తెలియడంలో ప్రజాహితం ఏముంది? సివిల్ దావాలో మాత్రం నిజమే పెద్ద కవచం. అందుకని మీ వకీలు గురి పెట్టాల్సింది మందుల మీద కాదు, "పిల్లల భద్రత దృష్ట్యా" అన్న మూడు మాటల మీద. డాక్టరు చీటీలో ఉన్నది ఒకటి, చదివిన తల్లిదండ్రులకి అర్థమయ్యేది ఇంకొకటి. ఈవిడ వల్ల పిల్లలకి ప్రమాదం అని కదా చదివినవాళ్లు అనుకునేది? దానికి ఆధారం చూపించమనండి.

ఆ స్కూలు తల్లిదండ్రులకి ఏమీ చెప్పకూడదని నేననను. లెక్కల టీచరు మారితే చెప్పాలి. "సోమవారం నుంచి తొమ్మిది, పది తరగతులకి లెక్కలు ఫలానావారు చెబుతారు" అంటే సరిపోతుంది. టీచరు మారారన్నది తల్లిదండ్రులకి అవసరమైన కబురు. ఎందుకు మారారన్నది మీకూ స్కూలుకీ మధ్య విషయం. ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. 2012లో గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో, ఒక ప్రభుత్వోద్యోగికి ఇచ్చిన మెమోలు, షోకాజ్ నోటీసులు, పడిన శిక్షల వివరాలు సమాచార హక్కు చట్టం కింద కావాలని ఒకాయన అడిగితే, అవి వ్యక్తిగత సమాచారమని సుప్రీంకోర్టు ఇవ్వనివ్వలేదు. ఉద్యోగి పనితీరు ప్రధానంగా ఉద్యోగికీ యజమానికీ మధ్య వ్యవహారమంది. మన పన్నుల డబ్బుతో జీతం తీసుకునేవాళ్ల సంగతే అలా ఉంటే, ప్రైవేటు స్కూలు టీచరు సంగతి వేరే చెప్పాలా?

పెద్ద పెద్దవాళ్లు కూడా ఇక్కడ జారిపడ్డారు. 2023 మార్చిలో ట్విట్టర్ ఉద్యోగి హరాల్దుర్ థోర్‌లీఫ్‌సన్ అనే ఐస్‌లాండ్ ఆయన, తన కంప్యూటర్ లాగిన్ ఆగిపోయి తొమ్మిది రోజులైనా ఉద్యోగం ఉందో ఊడిందో హెచ్ఆర్ చెప్పడం లేదని యజమాని ఎలాన్ మస్క్‌నే ట్విట్టర్లో అడిగాడు. ఆయనకి కండరాలు క్షీణించే జబ్బు, చక్రాల కుర్చీలో ఉంటాడు. మస్క్ లోకమంతా చూస్తుండగా, ఈయన అసలు పనే చేయలేదని, టైపు చేయలేనని వైకల్యాన్ని సాకుగా చెప్పాడని రాశాడు. తర్వాత ఫోన్లో మాట్లాడి, తనకి అందిన సమాచారం తప్పని బహిరంగంగానే క్షమాపణ చెప్పాడు. మీ కరస్పాండెంట్ గారు మస్క్ కన్నా బిజీ మనిషేం కాదు. ఒక క్షమాపణ మెసేజ్ పెట్టే తీరిక ఆయనకీ ఉంటుంది.

ఇప్పుడు పని. ఆ గ్రూపుల్లో ఉన్న తల్లిదండ్రుల్లో మీకు నమ్మకమైనవాళ్లు ఒకరైనా ఉంటారు, ట్యూషన్ మానని ఆ ముగ్గురిలోనే ఉండొచ్చు. ఆ మెసేజ్‌ని తేదీ, సమయం, పంపిన నంబరు కనపడేలా స్క్రీన్‌షాట్ తీయించండి, చాట్ ఎక్స్‌పోర్ట్ కూడా చేయించండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ఫోను మార్చవద్దని, మెసేజ్ చెరపవద్దని చెప్పండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఒక సర్టిఫికెట్ పెట్టాలి. పాత చట్టంలో 65బీ అనేవాళ్లు, వకీళ్లందరికీ ఆ పేరు నోటికొచ్చు. మీకు ఎవరో ఫార్వర్డ్ చేసిన కాపీ కన్నా అసలు గ్రూపులో ఉన్న ఫోనుకే విలువెక్కువ.

తర్వాత వకీలు చేత కరస్పాండెంట్ గారికి రిజిస్ట్రేషన్ పెట్టిన స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అందులో "మెసేజ్ తీసెయ్యండి" అని మాత్రమే అడగొద్దు. వాట్సాప్‌లో పంపినవాళ్లు అందరికీ డిలీట్ చేసుకునే వీలు రెండు రోజుల పైచిలుకే. ఆ గడువు దాటింది, తీసినా చదివినవాళ్ల మనసులోంచి పోదు. "అవే గ్రూపుల్లో సవరణ పెట్టండి" అని అడగండి. సవరణ మాటలు కూడా మీరే రాసి ఇవ్వండి. "ఫలానా తేదీన ఫలానా టీచరు గారి గురించి పెట్టిన మెసేజ్‌లోని ఆరోపణలకు ఆధారం లేదు, ఉపసంహరించుకుంటున్నాం." ఇంతకన్నా ఒక్క మాట ఎక్కువ వద్దు. సవరణలో మళ్లీ మందుల ప్రస్తావన వచ్చిందంటే పుండు మీద కారమే.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం గురించి మీ వకీలు చెప్పవచ్చు. 2023లో చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, కానీ యజమానుల మీద అసలు బాధ్యతలు పడడానికి ఆ నియమాల్లోనే పద్దెనిమిది నెలల వ్యవధి పెట్టారు. సెలవు కోసం ఇచ్చిన మందుల చీటీని ఇంకో పనికి వాడకూడదన్నది ఆ చట్టం స్ఫూర్తి. నోటీసులో ఒక వాక్యం రాయించండి. బరువంతా దాని మీద మోపకండి.

తొలగింపు సంగతి. ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం 1982లో 79వ సెక్షన్ ఉంది. ఆరోపణ రాసిచ్చి, మీరు చెప్పేది విని, విచారణ జరపకుండా ప్రైవేటు విద్యాసంస్థ ఉద్యోగిని తీసేయకూడదు. లేబర్ ఆఫీసుకి వెళ్లకండి, టీచర్లు కార్మిక చట్టంలోని "వర్క్‌మన్" నిర్వచనంలోకి రారని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. మీ దారి విద్యాశాఖ వైపు. ఒరిజినల్స్ గురించి వేరే కాగితం రాయండి, ఈ గొడవతో కలపకండి. సర్టిఫికెట్లు మీ ఆస్తి. అట్టిపెట్టుకోవడానికి ఆయనకి ఏ హక్కూ లేదు.

ట్యూషన్ మానిపించిన తల్లిదండ్రులకి ఫోన్ చేసి సంజాయిషీ ఇవ్వకండి. మందుల గురించి అసలు ఎత్తొద్దు. ఎవరైనా అడిగితే, "స్కూలుతో విషయం కాగితాల మీద నడుస్తోందండి. ట్యూషన్ మామూలుగానే సాయంత్రం ఆరింటికి" అనండి. పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే లెక్కల మేడమ్ ఎవరికి కావాలో వాళ్లే వస్తారు.

ప్రశ్న: మాది సూర్యాపేట దగ్గర ఎరువులు, పురుగుమందుల షాపు. ఊళ్లల్ల ఉద్దెర బాకీలు వసూలు చేసే పిల్లగాడు నాలుగేండ్లు నమ్మకంగా ఉన్నాడు. ఈ వానకాలం లెక్కలు చూస్తే 3 లక్షల 40 వేలు తేడా. పనిలోంచి తీసేసిన. ఇంకా నా పేరు చెప్పి రైతుల దగ్గర పైసలు అడుగుతున్నాడని తెలిసింది. పేపర్ల ఫోటో వేసి "ఇతను దొంగ, నమ్మి మోసపోకండి" అని ప్రకటన ఇద్దామనుకుంటున్న. ఇయ్యొచ్చా?
– ఒక వ్యాపారి, సూర్యాపేట జిల్లా

జవాబు: ఇవ్వచ్చు కాదు, ఇవ్వాలి. కానీ మీరు రాసింది కాదు.

మీలాంటివాళ్లకి పేపరు ప్రకటన సరదా కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 208వ సెక్షన్ ప్రకారం, ఏజెంటుకి ఇచ్చిన అధికారం తీసేసినా, ఆ సంగతి బయటివాళ్లకి తెలిసేదాకా వాళ్ల విషయంలో అది తీసేసినట్టు కాదు. అంటే మీరు పనిలోంచి తీసేసిన సంగతి తెలియని రైతు, అతని చేతిలో పాతిక వేలు పెట్టి మీ బాకీ తీర్చానంటే, "మళ్లీ కట్టు" అని మీరు అనలేకపోవచ్చు. అందుకే పేపర్లలో ఆ చిన్న పెట్టె ప్రకటనలు. మా నాన్న పొద్దున్నే ముందు అవే చదివేవారు, సినిమా పేజీ తర్వాత చూసేవారు.

ప్రకటన ఇలా ఇవ్వండి: "మా షాపు తరఫున బాకీలు వసూలు చేసిన ఫలానా వ్యక్తి ఫలానా తేదీ నుంచి మా ఉద్యోగి కాడు. ఆ తేదీ తర్వాత అతనికి చెల్లించిన సొమ్ముకు మా బాధ్యత లేదు. రైతులు బాకీలు షాపులోనే చెల్లించి రసీదు తీసుకోగలరు." ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు నలుగురుంటారు కాబట్టి ఫోటో వేసినా తప్పు పట్టను. "దొంగ" అన్న మాట మాత్రం వద్దు. ఎవరు దొంగో తేల్చేది కోర్టు. మీ ప్రయోజనం కాపాడుకోవడానికి, ఎదుటివాళ్లని హెచ్చరించడానికి సద్భావంతో చెప్పిన మాటకి పరువు నష్టం చట్టంలో మినహాయింపులున్నాయి. కానీ సద్భావం అంటే తగిన జాగ్రత్త తీసుకుని మాట్లాడడం. రైతుల డబ్బు కాపాడడానికి "మా ఉద్యోగి కాడు" చాలు. "దొంగ" అనేది మీ కడుపుమంట చల్లార్చుకోవడానికి.

సొమ్ము కోసం స్టేషన్లో ఫిర్యాదు చేయండి, రసీదు పుస్తకాల కట్టలు తీసుకెళ్లండి. ఇంకోటి. నాలుగేళ్లు పనిచేసినవాణ్ణి తప్పు చేశాడని తీసేయాలంటే తెలంగాణ షాపుల చట్టం 47వ సెక్షన్ విచారణ జరపమంటుంది. మీరు జరపలేదనుకుంటాను. ఇప్పుడైనా నోటీసిచ్చి, అతని సమాధానం రాతలో తీసుకోండి. మీ ప్రకటన సద్భావంతో చేసిందేనని నిరూపించుకోవాల్సి వస్తే ఆ కాగితమే మీకు దిక్కు.

ఒక్క మాట, మధ్యస్థంగా "క్రమశిక్షణా కారణాల వల్ల తొలగించాం" అని రాద్దామని మీ అకౌంటెంటు సలహా ఇస్తాడు. వినొద్దు. ఎందుకో నా సంగతి చెబుతాను. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో హెచ్ఆర్‌లో ఉండగా, 2009లో, నాలుగు వందల మందికి నేను మెయిల్ పంపాను. "సంస్థ విలువలకు విరుద్ధంగా ప్రవర్తించినందున ఫలానా వ్యక్తిని తొలగించడమైనది." అసలు జరిగిందేమిటంటే ఒకే టాక్సీ బిల్లు రెండుసార్లు పెట్టాడు, పదకొండు వందల రూపాయలు. నేను వివరాలు రాయకుండా హుందాగా రాశాననుకుని, పై అధికారి దగ్గర మెప్పు కూడా పొందాను. సాయంత్రానికి క్యాంటీన్లో ఒకళ్లు అమ్మాయి గొడవన్నారు, ఒకళ్లు లంచమన్నారు, ఒకళ్లు కంపెనీ రహస్యాలు అమ్ముకున్నాడన్నారు. ఖాళీ వదిలింది నేను, నింపింది వాళ్లు. రెండేళ్ల తర్వాత అమీర్‌పేటలో బస్సు దగ్గర కనపడ్డాడు. తిట్టలేదు. "పదకొండు వందలని రాసేసి ఉన్నా బాగుండేది మేడమ్" అన్నాడు. ఆ తర్వాత నేను ఉద్యోగం చేసినంత కాలం ఎవరి గురించీ "ఫలానా తేదీ నుంచి సంస్థలో లేరు" కన్నా ఎక్కువ రాయలేదు.

ప్రశ్న: గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పనితీరు బాగాలేదని తీసేశారు. కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో పాత కంపెనీ ఆ కారణం చెప్పేస్తే అది నా ప్రైవసీకి భంగం కాదా? రాజీనామా చేశానని ఫారంలో రాసేయనా?
– హైదరాబాద్

జవాబు: రాయకండి. అబద్ధం దొరికితే కొత్త ఉద్యోగం కూడా పోతుంది, అప్పుడు కారణం నిజంగానే చెప్పుకోలేనిదవుతుంది. వెరిఫికేషన్ వేరు, చాటింపు వేరు. ఆ ఫారం మీద సంతకం పెట్టి మీరే అడగమన్నారు. అడిగినవాళ్లకి, అడిగినంత మేరకు, నిజం చెబితే అందులో తప్పు పట్టేది తక్కువ. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా తప్ప ఇంకేమీ చెప్పకూడదని నియమం పెట్టుకున్న కంపెనీలు చాలా ఉన్నాయి. అమెరికాలో పరువు నష్టం దావాల భయంతో ఈ అలవాటు బాగా పాతుకుపోయింది. మీ పాత హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టి, వెరిఫికేషన్‌కి ఏం జవాబిస్తారో ముందే అడగండి. చాలామందికి ఇలా అడగొచ్చనే తట్టదు.

ప్రశ్న: నేను విశాఖలో పనిచేస్తున్నాను. మా మేనేజరు మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు ఇచ్చాను. కమిటీ విచారించి నిజమేనంది, అతన్ని తీసేశారు. సంతోషమే. కానీ మా డైరెక్టరు గారు అందరినీ సమావేశపరిచి, "మన ఫైనాన్స్ టీమ్‌లోని ఒక ధైర్యవంతురాలి ఫిర్యాదుతో ఫలానా వ్యక్తిని పంపించేశాం, మనం ఇలాంటివి సహించం" అని చప్పట్లు కొట్టించారు. ఫైనాన్స్‌లో ఆడవాళ్లం ఇద్దరమే. రెండో ఆవిడ ప్రసూతి సెలవులో ఉంది.
– విశాఖపట్నం

జవాబు: చప్పట్ల మధ్య తల దించుకుని కూర్చున్న మిమ్మల్ని ఊహించుకోగలను. ఆయన మంచి చేశాననే అనుకుని ఉంటారు, అదే చిక్కు.

పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 నాటి చట్టంలో 16వ సెక్షన్ దీనికోసమే ఉంది. ఫిర్యాదులోని విషయాలు, ఫిర్యాదు చేసినావిడ, ఆరోపణ ఎదుర్కొన్న వ్యక్తి, సాక్షులు ఎవరన్నది, విచారణ వివరాలు, సిఫార్సులు ప్రజలకీ పత్రికలకీ ఏ రూపంలోనూ వెల్లడించకూడదు. న్యాయం జరిగిందన్న కబురు చెప్పుకోవచ్చు. కానీ బాధితురాలినీ సాక్షులనీ గుర్తుపట్టడానికి దారితీసే వివరం ఏదీ అందులో ఉండకూడదు. పేరు చెప్పకపోతే సరిపోదు. ఇద్దరున్న టీమ్‌లో "ఫైనాన్స్" అనడం పేరు చెప్పడంతో సమానం. గదిలో ఉన్నవాళ్లంతా మా ఉద్యోగులే, "ప్రజలు" కారని వాళ్లు వాదించవచ్చు. వాదించనివ్వండి.

ఉల్లంఘనకి జరిమానా ఐదు వేల రూపాయలు. అవును, చదివి నేనూ నిట్టూర్చాను. కాబట్టి జరిమానా కోసం కాదు గానీ, కమిటీ ప్రిసైడింగ్ ఆఫీసరుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆ సమావేశం వీడియో రికార్డు ఉంటే ఆ భాగం తీసేయమని, ఇంట్రానెట్‌లో, న్యూస్‌లెటర్‌లో వేయవద్దని అందులో అడగండి. ఇలాంటివి లింక్డిన్‌కి ఎక్కడానికి ఎంతోసేపు పట్టదు. ఈ ఉత్తరం చదవగానే, రేపటిదాకా ఆగకుండా, ఈ ఒక్క మెయిల్ పంపేయండి. మీ డైరెక్టరుతో మాట్లాడడం తర్వాత.